పాత పెయింట్ తీయడానికి రిమూవరా, గ్రైండరా?

కాంక్రీటు మీద పెయింట్ ఏ రకమో ముందు చూడాలి. ఎనామిల్ (ఆయిల్ పెయింట్) అయితే రిమూవర్‌కి, అంటే పెయింట్‌ని మెత్తబరిచే మందుకి లొంగుతుంది. సున్నం, సిమెంట్ పెయింట్ అయితే ఆ డబ్బా కొనడం దండగ.

రిమూవర్‌ని బ్రష్‌తో ఒకే వైపుకి, మిల్లీమీటరు మందాన పూయాలి. పదిహేను ఇరవై నిమిషాల్లో పెయింట్ ముడతలు పడి ఉబ్బుతుంది, అప్పుడు స్క్రాపర్‌తో గీకాలి. నెల్లూరు మే ఎండలో చిక్కంతా ఇక్కడే: పెయింట్ ఉబ్బేలోపే మందు ఆరిపోతుంది. పొద్దున్నే మొదలుపెట్టి, పూసిన చోట పాలిథిన్ కప్పండి. గీకాక బాగా కడగకపోతే రంధ్రాల్లో మిగిలిన మందు కొత్త పెయింట్‌ని కూడా ఊడగొడుతుంది. పల్చటి గ్లవుజులు చాలవు, చర్మం కాలుతుంది.

గ్రైండర్‌కి నాలుగంగుళాల డైమండ్ కప్ వీల్ (వజ్రపు పొడి అద్దిన గిన్నె లాంటి చక్రం) బిగిస్తే ఏ పెయింటైనా పోవాల్సిందే. ఒకేచోట ఆపితే గుంట పడుతుంది, కదుపుతూనే ఉండాలి. దుమ్ములో ఊపిరితిత్తుల్ని పాడుచేసే సిలికా ఉంటుంది కాబట్టి ఎన్95 మాస్కు తప్పదు. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులోగానీ అమల్లోకి రాలేదు. అంతకంటే పాత ఎనామిల్‌లో విషపు సీసం ఎక్కువుండొచ్చు, దాన్ని పొడిగా గ్రైండ్ చేయకండి.

మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి లోపలి చువ్వలు తుప్పుపట్టి కాంక్రీటు పొంగుతుంది. సుత్తితో తట్టి, డొల్ల మోత వచ్చిన చోట గ్రైండర్ పెట్టొద్దు, పెచ్చులు లేస్తాయి. ముందు మరమ్మతు చేయించండి.

గచ్చుకి గ్రైండర్, మూలలకీ జాలీలకీ రిమూవర్. ఏది వాడినా చివర్లో నీళ్లు చిలకరించండి. పీల్చుకుంటే సరే, బొట్లుగా నిలిస్తే పెయింట్ ఇంకా ఉన్నట్టే.