ఛటర్జీ, జెఠ్మలానీ: ఇద్దరు లాయర్లు, రెండు రకాల ఎంపీలు

నల్లకోటు తొడిగిన చేత్తోనే లోక్‌సభ గడప తొక్కినవారికి మన దేశంలో కొదవ లేదు. వారిలో సోమనాథ్ ఛటర్జీని, రామ్ జెఠ్మలానీని పక్కపక్కన పెట్టి చూస్తే ఎంత తేడానో!

ఛటర్జీ తండ్రి కూడా లాయరే, ఎంపీయే. పైగా హిందూ మహాసభ నేత. కొడుకు మాత్రం 1971లో సీపీఎం మద్దతుతో గెలిచి, దశాబ్దాలపాటు ఆ పార్టీతోనే నడిచారు. 10 సార్లు లోక్‌సభకు ఎన్నికయ్యారు. మధ్యలో ఒక్క ఓటమి. 1984లో జాదవ్‌పూర్‌లో ఆయనను ఓడించింది అప్పటికి కొత్తముఖమైన మమతా బెనర్జీ.

జెఠ్మలానీది ఒకచోట నిలిచే స్వభావం కాదు. దేశ విభజనతో సింధ్ వదిలి బొంబాయి చేరారు. 1977లో ఎమర్జెన్సీ నాటి న్యాయశాఖ మంత్రి గోఖలేనే ఓడించి సభకు వెళ్లారు. వాజ్‌పేయి మంత్రివర్గంలో న్యాయశాఖ చూశారు. 2004లో లక్నోలో అదే వాజ్‌పేయి మీద పోటీకి దిగారు! కోర్టును మాత్రం వదలలేదు. ఇందిరాగాంధీ హత్య కేసులో నిందితుల తరఫున నిలబడ్డారు. వారిలో బల్బీర్ సింగ్‌ను 1988లో సుప్రీంకోర్టు నిర్దోషిగా విడిచిపెట్టింది. ఓట్లు పోతాయని జంకే మనిషి పట్టే కేసా అది?

వాదనలో నా ఓటు జెఠ్మలానీకే. సభ విషయానికొస్తే ఛటర్జీకి. 2008 జూలై 22న, మన్మోహన్ సింగ్ ప్రభుత్వ విశ్వాస పరీక్ష రోజు, ఓట్లు కొనడానికి ఇచ్చిన లంచమంటూ సభలో నోట్ల కట్టలు పైకి లేచాయి. అప్పటి స్పీకర్ ఛటర్జీయే. ప్రభుత్వానికి మద్దతు ఉపసంహరించుకున్న సీపీఎం ఆ పదవి వదులుకోమన్నా వినకుండా ఆయన ఆ కుర్చీలోనే కూర్చుని ఓటింగ్ నడిపించారు. మర్నాడే పార్టీ ఆయనను బహిష్కరించింది.