పత్తి, మిర్చి, పసుపు: ఇంట్లో ఆపితే ఏది మేలు?

2026 సంక్రాంతి పోయిన మరునాడు నర్సంపేట దగ్గరి ఊరి నుంచి మా మేనల్లుడు ఫోను చేశాడు. రెండెకరాల్లో వచ్చిన పద్నాలుగు క్వింటాళ్ల పత్తి గదిలో పోసి ఉంది. మిర్చి మొదటి కోత కల్లంలో ఎండుతోంది. బావి కింద ఇరవై గుంటల్లో వేసిన పసుపు ఇంకో నెలన్నరకు తవ్వకానికి వస్తుంది. "మామా, మూడూ వచ్చినవి వచ్చినట్టు అమ్మితే అప్పు తీరుతుంది, చేతిలో ఏమీ మిగలదు. ఏదైనా ఒకటి ఆపుదామని ఉంది. ఏది ఆపమంటావు?" అన్నాడు.

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి (రైతు సరుకును కమీషనుకు అమ్మిపెట్టే) దుకాణంలో ఇరవై రెండేళ్లు లెక్కలు రాశాను. అందుకని రేపటి ధర నా జేబులో ఉంటుందని వాడి నమ్మకం. రేపటి ధర తెలిసినవాడు గుమాస్తాగా ఎందుకుంటాడు? కాకపోతే ఏ సరుకు ఎన్నాళ్లు ఓపిక పడుతుందో, ఆగినకొద్దీ దానిలో ఏది తరిగిపోతుందో కళ్లారా చూశాను. ఆ లెక్కనే వాడికి చెప్పాను.

పత్తి సంగతి ముందే తేల్చేశాను. ఆపవద్దు. మూడింటిలో మద్దతు ధర ఉన్నది దీనికొక్కదానికే. 2025-26 సీజనుకు పొడుగు పింజ రకానికి క్వింటాలు 8,110 రూపాయలు, మధ్య రకానికి 7,710. ఈ ధర కింద నేలలాంటిది, పడినా అంతకంటే లోతుకు పడం. పైకి ఎగరడానికి మాత్రం ఈసారి చోటు లేదు. 2025 ఆగస్టు 19 నుంచి డిసెంబరు 31 దాకా విదేశీ పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని కేంద్రం ఎత్తేసింది. మన పత్తి ఇళ్లకు చేరే రోజుల్లోనే మిల్లులకు బయటి దూది చౌకగా దొరికింది. ఇక ప్రైవేటు ఖరీదుదారు మద్దతు ధరకు మించి ఎందుకు పాడతాడు?

ఇంకో సంగతి చాలామంది రైతులు పట్టించుకోరు. క్వింటాలు పత్తిని జిన్నింగ్ మిల్లులో ఆడిస్తే వచ్చే దూది 33 నుంచి 35 కిలోలు. మిగిలినదంతా దాదాపు గింజే. 170 కిలోల బేలు ఒకటి కట్టాలంటే అయిదు క్వింటాళ్ల పత్తి కావాలి. అంటే ఖరీదుదారు దూది ధర ఒక్కటే చూడడు, గింజ నూనె ధర, పశువులకు పెట్టే పత్తి చెక్క ధర కూడా కలిపి చూస్తాడు. బేలు ధర పెరిగిందని పేపర్లో చదివి మార్కెట్‌కు వచ్చిన రైతు, ఆ వారం చెక్క ధర పడిపోయి ఉంటే పాత ధరకే అమ్మి పోతాడు.

ఆరబెడితే ధర పెరుగుతుందనే మాట ఒకటి ఉంది. దాన్ని కాగితం మీద పెట్టి చూద్దాం. మద్దతు ధరకు కొనే భారత పత్తి సంస్థ 8 శాతం తేమ ఉంటే పూర్తి ధర ఇస్తుంది. ఆ పైన ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోత, 12 దాటితే అసలు కొనదు. 12 శాతం తేమతో క్వింటాలు అమ్మితే నాలుగు శాతం కోత పోను 7,786 రూపాయలు వస్తాయి. అదే పత్తిని వారం రోజులు ఎండబెట్టి 8 శాతానికి తెచ్చామనుకోండి. క్వింటాలు కాస్తా 95 కిలోల 650 గ్రాములవుతుంది. పూర్తి ధరతో లెక్కకట్టినా చేతికొచ్చేది 7,757. అంత చాకిరీ చేసి ముప్పై రూపాయలు పోగొట్టుకున్నట్టు! 14 నుంచి 12కు తేవడం తప్పనిసరి, ఎందుకంటే అక్కడ గేటు మూసుకుంటుంది. 12 నుంచి 8కి తేవడం మన తృప్తికి తప్ప ఎందుకూ పనికిరాదు. 2025 అక్టోబరు చివర మొంథా తుపానుకు తడిసిన పత్తి విషయంలో ఈ లెక్క తెలియక ఎంతోమంది ఇంటి ముందు రోజుల తరబడి కాపలా కాశారు. తేమ యంత్రం లేనప్పుడు పాతవాళ్లు గింజ తీసి పంటికింద పెట్టి కొరికేవాళ్లు. కటుక్కుమని పగిలితే బండి కట్టవచ్చు, మెత్తగా నలిగితే ఇంకో రెండు ఎండలు కావాలి. నేనిప్పటికీ అదే చేస్తాను.

పైగా ఈ సీజనులో ఎకరాకు ఏడు క్వింటాళ్లే కొంటామన్న ఆ సంస్థ పరిమితి, అమ్మకానికి కపాస్ కిసాన్ యాప్‌లో తేదీ దొరికించుకోవడం ఉండనే ఉన్నాయి. మావాడి రెండెకరాలకు సరిగ్గా పద్నాలుగు క్వింటాళ్లు. తేదీ దొరికిన రోజునే పోయి దింపి రమ్మన్నాను. పడుకునే గది పక్కన పత్తి పోసుకుంటే దురద, ఎలుకలు, రంగు తగ్గడం. అన్నిటికంటే నిప్పు భయం, ఒక్క బీడీ చాలు. 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు నడిచిన రోజుల్లో ఇక్కడి పత్తి ఇక్కడే బట్ట అయ్యేది. ఇప్పుడు గీసుగొండ, సంగెం వైపు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన చేశారు. అక్కడ నూలు మిల్లులు బారులు తీరిన నాడు నా సలహా మారుతుందేమో.

మిర్చి దగ్గర ఇంత సూటిగా చెప్పలేను.

మిర్చికి అసలు చిక్కు జెండా పాటతో వస్తుంది. సీజనులో తెల్లవారేసరికి యార్డంతా ఎర్రటి బస్తాలు, తుమ్ములు. అడ్తిదారు ఒక మేలైన లాటు దగ్గర నిలబడతాడు, చుట్టూ ఖరీదుదారులు మూగుతారు. ఒకడు బస్తాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి అడుగునుంచి పిడికెడు తీస్తాడు. ఒక కాయను చెవి దగ్గర ఊపుతాడు, గింజలు గలగలమనాలి. తొడిమ విరిచి చూస్తాడు. పాట మొదలై, అరనిమిషంలో ముగుస్తుంది. అదే ఆనాటి జెండా పాట, మర్నాడు పేపర్లో వచ్చే ధర. ఆ తర్వాత పక్క వరుసలో ఉన్న లాట్లు దానికి రెండు మూడు వేలు తక్కువకు పోతాయి. పేపరు చూసి వచ్చిన రైతు తనకు పలికిన ధర విని, మోసం జరిగిందనుకుని, బస్తాలు కోల్డ్ స్టోరేజీకి తోలేస్తాడు. మిర్చి ఆపేవాళ్లలో సగం మంది లెక్క వేసుకుని ఆపరు, అలిగి ఆపుతారు.

మిర్చి అంటే ఒక సరుకు కాదు. తేజ రకం కారానికి ప్రసిద్ధి, అది చైనాకు, మలేసియాకు, బంగ్లాదేశ్‌కు పోతుంది. దాని నుంచి కారపు సారం తీసే కర్మాగారాలూ కొంటాయి. మన చపాటా, అంటే టమాటా మిర్చి, కారం తక్కువ, రంగు ఎక్కువ. పచ్చళ్లవాళ్లు, రంగు సారం తీసేవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. 2025లో వరంగల్ చపాటాకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆపడం విషయంలో ఈ రెండూ ఒకటి కావు. కాయలో కారం చాలాకాలం నిలుస్తుంది, రంగు మాత్రం వెలుగుకు, వేడికి కరిగిపోతుంది. తేజను ఆపితే తరిగేది కొంత. చపాటాను ఆపితే ఖరీదుదారు దేనికోసం కొంటాడో అదే పోతుంది. చల్లటి గది ఆ నష్టాన్ని నెమ్మది చేస్తుంది, ఆపలేదు.

ధర ఊగే తీరు కూడా చూడండి. 2021-22లో నల్ల తామర పురుగు తోటలను తుడిచిపెట్టింది. సరుకు కరువై ధరలు ఎగిశాయి. 2023 జనవరిలో ఎనుమాములలో దేశీ మిర్చి క్వింటాలు 80 వేలు దాటింది. అది చూసి అందరూ మిర్చి వేశారు. 2025 వచ్చేసరికి ఎంత దిగజారిందంటే, ఆంధ్రప్రదేశ్ రైతుల కోసం కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద 11,781 రూపాయల ధర ఖరారు చేయవలసి వచ్చింది. నేనూ ఆ ఊపులో దెబ్బతిన్నవాణ్నే. 2024 వేసవిలో మా పొలం తేజను 19 వేలకు అడిగితే ఇరవై రానిదే ఇవ్వనని గోదాములో పెట్టాను. మరుసటేడు కొత్త పంట వచ్చాక అద్దె కట్టి బయటికి తెస్తే 12 వేలు పలికింది. గుమాస్తా అనుభవం అంతా ఆ రోజు తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) మీద సంతకం చేయడానికి పనికొచ్చింది.

ఎగుమతి సరుకు ఆపాలనుకునేవారికి ఒక హెచ్చరిక. కాయ పగలకుండా, తూకం వస్తుందని కొందరు బస్తా కట్టేముందు నీళ్లు చల్లుతారు. ఆ తేమే గోదాములో బూజవుతుంది. బూజుతో పుట్టే అఫ్లాటాక్సిన్ విషానికి ఐరోపా దేశాల హద్దు కిలోకు 10 మైక్రోగ్రాములు. అది దాటిన సరుకు అక్కడి రేవు దాటి లోపలికి పోదు. మట్టి కల్లంలో, మంచు పడే రాత్రుల్లో కప్పకుండా ఎండబెట్టిన మిర్చిని ఏ గదిలో దాచినా ఒకటే. టార్పాలిన్ కొనే డబ్బు దగ్గర వెనకాడకూడదు.

మిర్చిలో తాలు కాయలను, అంటే రంగు పోయిన నాసి కాయలను, ముందు ఏరి, అడిగిన ధరకు వెంటనే ఇచ్చేయమన్నాను. తాలు ఎన్నాళ్లు ఆపినా తాలే. అప్పు లేనివాడైతే తేజ మొదటి కోత మేలైన కాయలో సగం ఆపవచ్చు, దసరా దాటకుండా. చపాటా అయితే ఒక్క బస్తా కూడా వద్దు.

ఇక పసుపు. ఓపిక అనే మాటకు ఈ మూడింటిలో తగినది ఇదే. తవ్విన పచ్చి కొమ్ము అయిదు వంతులుంటే, ఉడకబెట్టి ఎండబెట్టాక మిగిలేది ఒక వంతు. అంత కష్టం ముందే పడ్డాం కాబట్టి తర్వాత అది మనల్ని కష్టపెట్టదు. సరిగా ఎండిన కొమ్మును విరిస్తే టప్పుమని విరుగుతుంది, రెండు కొమ్ములను ఒకదానికొకటి తాకిస్తే లోహం మోగినట్టుంటుంది. ఆ మోత ఉన్న పసుపుకు చల్లటి గది అక్కర్లేదు. పొడి గదిలో, నేలకు తగలకుండా, పుచ్చు పురుగు చేరకుండా చూసుకుంటే ఏడాది, రెండేళ్లు నిలుస్తుంది. సాంగ్లీ దగ్గర హరిపూర్‌లో భూమిలో గోతులు తవ్వి అందులో దాచేవారు. 2005 వరదల్లో అవి మునిగిపోయాక ఆ పద్ధతి తగ్గింది.

అయితే పసుపు నిలుస్తుంది గాని దాని ధర నిలవదు. 2010లో 15 వేలు దాటిన పసుపు 2012 నాటికి నాలుగు వేల దగ్గరికి దిగింది, 2024లో మళ్లీ 18 వేలు ముట్టింది. ఎక్కడానికీ దిగడానికీ ఏళ్లు పడుతుంది. ఇందులో వాయిదా వ్యాపారం (రాబోయే నెలల సరుకును ముందే ధర కట్టి కొనడం, అమ్మడం) కూడా ఉంది, దానికి నిజామాబాద్ సరుకే ప్రమాణం. బొంబాయిలో ఎవరో మీట నొక్కితే ఇక్కడ ధర మారుతుంది. ఈ విసుగుతోనే 2019 లోక్‌సభ ఎన్నికల్లో రైతులు పెద్ద సంఖ్యలో నామినేషన్లు వేశారు, నిజామాబాద్‌లో పోటీదారులు 185 మందయ్యారు. వాళ్లడిగిన జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న నిజామాబాద్‌లో మొదలైంది. బోర్డు వచ్చింది కదా, ధర వస్తుందని మావాడు అంటాడు. బోర్డు ధర కట్టదు. ఇంకొకటి: మందుల కంపెనీలు పసుపులో వెతికే పసుపు రంగు సారం, కుర్కుమిన్, మనవైపు సరుకులో రెండు మూడు శాతమే. మేఘాలయ లకడాంగ్ రకంలో ఏడు దాటుతుంది. మందుల కంపెనీల కోసం ఆపుతున్నామనుకుంటే పొరపాటు, మనది వంటింటి సరుకు.

చివరికి అసలు ప్రశ్న, వడ్డీ. నూటికి రెండు రూపాయల అప్పు ఉన్నవాడు 15 వేల మిర్చిని ఎనిమిది నెలలు ఆపితే క్వింటాలు మీద 2,400 వడ్డీ. పైన కోల్డ్ స్టోరేజీ అద్దె, రానూపోనూ బండి, రెండుసార్లు హమాలీ. 18 వేలు దాటితే తప్ప రూపాయి మిగలదు. 12 వేల పసుపును అంతేకాలం ఆపితే వడ్డీ 1,920, అద్దె సున్నా. 14 వేలు వస్తే ఒడ్డున పడ్డట్టే. అందుకే అప్పున్నవాడు పత్తి, మిర్చి అమ్మి అప్పు కట్టి, పసుపు ఒక్కటే ఆపాలి. అప్పు లేనివాడు పసుపుతోపాటు కాస్త తేజను కూడా ఆపి చూడవచ్చు, పోయినా పిల్లల ఫీజులు ఆగవు కాబట్టి. ముందు అప్పు తీర్చడానికి పసుపు అమ్మి, పెరుగుతుందని మిర్చి ఆపేవాళ్లను ప్రతి ఏటా చూస్తాను. వాళ్లు తిరగేసి లెక్క వేశారు.

మావాడు పది రోజుల తర్వాత మళ్లీ చేశాడు. పత్తి దింపి వచ్చాడు, తేమ 11 చూపించిందట. తాలు అమ్మేశాడు. పసుపు ఇంకా భూమిలోనే ఉంది, పది క్వింటాళ్లు ఎండు కొమ్ము వస్తుందని అంచనా. ఎక్కడ పెట్టాలని అడిగాడు. పత్తి పోసిన గది ఖాళీ అయింది కదా, మూలల్లో దూది లేకుండా ఊడ్చి, కిటికీకి వల కొట్టించి, కింద చెక్క బల్లలు వేయమన్నాను. బల్లలు లేవు, ఇటుకలు పేర్చి వాటిమీద వెదురు తడక పరుస్తానన్నాడు. సరిపోతుంది.