పాలమూరు పక్కన రెండు రోజుల మ్యూజిక్ ఫెస్టివల్: ఆదివారం టికెట్ ఒక్కటే కొనండి

మహబూబ్‌నగర్ పక్కన మొన్న శని, ఆదివారాలు జరిగిన మ్యూజిక్ ఫెస్టివల్‌కి రెండు రోజుల పాస్ తీసుకుని వెళ్లొచ్చాం. ముందే చెప్తున్నా, వచ్చే ఏడు కూడా పెడితే ఆదివారం టికెట్ చాలు, శనివారం పైసలు దండగ. పాడినవాళ్ల తప్పేం లేదు, రెండు రోజులూ ప్రాణం పెట్టి పాడారు. వాళ్లను పిలిచినవాళ్లకే కిన్నెర, డప్పు లాంటి జానపద వాద్యాలను ఎట్లా వినిపించాలో తెలియలేదు.

శనివారం మూడున్నరకు మొదలన్నారు. ఐదు దాటాక జ్యోతి వెలిగించారు, ఆ తర్వాత శాలువాలు. స్టేజీ మీద ఎంతమంది కూర్చున్నారో అంతమందికీ శాలువా, కప్పించుకున్న ప్రతి పెద్దమనిషీ ‘రెండే రెండు మాటలు’ అంటూ మైకు అందుకోవడం. మొదటి పాట వినేసరికి చీకటి పడింది. సరే, మన దగ్గర ఏ ప్రోగ్రాం టైంకి మొదలైంది గనక అని ఊరుకోవచ్చు, కానీ ఆ ఆలస్యమంతా పోయి పోయి చివర్లో ఉన్న ఒగ్గు కథ మీద పడింది. రాత్రి పదికి లౌడ్ స్పీకర్లు ఆపేయాలన్న రూలు 2000 నుంచీ ఉన్నదే, ముందుగా పర్మిషన్ ఉంటే పన్నెండు దాకా నడుపుకోవచ్చు, వీళ్ల దగ్గర ఆ కాయితం లేదు. మధ్యలో హైదరాబాద్ నుంచి వచ్చిన ఫ్యూజన్ బ్యాండ్‌కి గంటన్నర ఇచ్చి, ఒగ్గువాళ్లు తెల్లార్లూ చెప్పే బీరప్ప కథకు మిగిలిన ఇరవై నిమిషాలు ఇచ్చారు. డోళ్లు అప్పుడప్పుడే ఊపందుకున్నాయి, కథ చెప్పే పెద్దాయన కొంగు తిప్పుకున్నట్టు కండువా తిప్పి ఒక్క క్షణంలో ఆడమనిషి అయిపోయాడు, పక్కన వంతపాడే అతను ఏదో ఎకసెక్కం ఆడితే జనం పగలబడి నవ్వుతున్నారు, అప్పుడు మైకు కట్. ఆయన ఆగలేదు, ముందు వరసలకు వినపడేలా ఉత్త గొంతుతోనే కాసేపు లాగాడు. లైట్లు కూడా తీసేశాక ఇంకేం చేస్తాడు!

అంతకంటే బాధేసింది కిన్నెర విషయంలో. పాలమూరులో ఫెస్టివల్ పెట్టి కిన్నెరను పిలవకపోతే జనం ఊరుకోరు, దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చిన దగ్గర్నుంచి పన్నెండు మెట్ల కిన్నెర అంటే తెలియనివాళ్లు లేరు. కానీ అది ఎంత మెత్తని వాద్యమో స్టేజీ వేసినవాళ్లకు ఎవరైనా చెప్పాల్సింది. వెదురు బొంగు, కింద ఎండిన సొరకాయ బుర్రలు, మైనంతో అతికించిన మెట్లు, అంతే కదా. గుండెలదిరే డ్రమ్స్ అయిపోయిన వెంటనే, సౌండ్ సెట్టింగ్ ఏమీ మార్చకుండా, పాడే మైకు కాకుండా ఇంకో మైకు బుర్రల ముందు నిలబెట్టి కానివ్వమన్నారు. వాల్యూమ్ పెంచితే బాక్సులు కూ... అని కూత, తగ్గిస్తే తీగ వినపడదు. కళాకారుడు రెండుసార్లు ఆపి సౌండ్ అతని వైపు చెయ్యి చూపించాడు, అతను ఫోన్‌లో ఉన్నాడు. పండుగ సాయన్న కథ అది, ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పెట్టిన మన పాలమూరు సాయన్న. నా వెనక కూర్చున్న పిల్లలకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

డప్పులవాళ్లది ఇంకో కథ. మంచు పడే రాత్రి తోలు సాగుతుంది, మంట కాచుకోకపోతే డప్పు బద్దగా మోగుతుంది. స్టేజీ వెనక ఇంత గడ్డి వేసి అంటించుకుంటుంటే సెక్యూరిటీ కుర్రాడు వచ్చి బకెట్ నీళ్లు గుమ్మరించాడు. ఫైర్ సేఫ్టీ అట. నిజమే, షామియానాల పక్కన మంట ప్రమాదమే, మరి కాస్త దూరంగా ఓ జాగా చూపించొచ్చుగా? ఆ రోజు డప్పు మోగలేదు, తప్‌తప్‌మంది. సిర్రతో ఎంత గట్టిగా కొట్టినా అంతే.

ఆదివారం మధ్యాహ్నం మాత్రం, అబ్బ! పెద్ద స్టేజీకి జనరేటర్ ఏదో మొరాయించిందని కళాకారులను గ్రౌండ్ చివర చింతచెట్ల కింద కూర్చోబెట్టారు. మైకు లేదు, బాక్సుల్లేవు, కింద తార్పాలిన్, చుట్టూ మేం ఓ వంద మందిమి ఉంటాం. నిన్నటి కిన్నెర ఆయనే. మెట్టు మీద వేలు జరిగినప్పుడు వచ్చే గీర శబ్దం కూడా వినపడింది, తీగ మీటి గొంతు అదే సుతికి ఎక్కించినప్పుడు ఏది తీగో ఏది గొంతో పట్టుకోలేకపోయాం. నడుమనడుమ ఆపి, సాయన్న ఏ ఊరి మీదుగా పోయాడో చెప్పి మళ్లీ అందుకున్నాడు. ఆ తర్వాత డప్పులు, ఈసారి మోదుగు చెట్టు అవతల మంట వేసుకోనిచ్చారు. కాచిన డప్పును వేలితో ఒకసారి కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, చాలక ఇంకోసారి సెగ చూపించడం దగ్గర్నుంచి చూశాం. మొదటి దరువుకే నా పక్కనున్న ముసలమ్మ లేచింది. టికెట్ డబ్బులు అక్కడ వసూలయ్యాయి.

తిండి బాగుంది, ఇందులో వంక పెట్టను. మహిళా సంఘం వాళ్ల స్టాల్‌లో జొన్నరొట్టె అప్పటికప్పుడు తట్టి కాల్చి ఇచ్చారు, నాటుకోడి కూర కారం కాస్త ఎక్కువే కానీ రొట్టెకు అదే సరి. బబ్బెర గుడాలు సాయంత్రానికే అయిపోయాయి. నీళ్ల సీసా లోపలికి తేనివ్వరు, లోపలేమో డబుల్ రేటు. మరుగుదొడ్లు ఆడవాళ్లకు అస్సలు సరిపోలేదు, మా చెల్లె క్యూలో నిలబడి ఒక పూర్తి కోలాటం పోగొట్టుకుంది. కార్ పార్కింగ్ దున్నిన చేలో, చిన్న కార్లవాళ్లు చూసుకోండి.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు ఆదివారం పొద్దున్నే బయల్దేరితే పిల్లలమర్రి చూసుకుని మధ్యాహ్నానికి గ్రౌండ్ చేరొచ్చు. 2018లో చెదలు పట్టి పడిపోతుంటే సెలైన్ బాటిళ్లతో మందెక్కించి నిలబెట్టిన మర్రి అదే, ఊరికి దగ్గర్లోనే ఉంటుంది. తిరుగు దారిలో బాలానగర్ దగ్గర సీతాఫలాలు, సీజన్ అయితే బుట్ట బేరమాడి తెచ్చుకోండి.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి, లోపల క్యాష్ తీసుకోరు, చేతికి కట్టే పట్టీలో డబ్బులు వేయించుకోవాలి. కొంచెం కొంచెంగా వేయించుకోండి. మాకు మిగిలిన 260 రూపాయలు వారంలో వెనక్కి వేస్తామన్నారు, ఇంకా రాలేదు. మెయిల్ పెడితే ‘మాతో పాట పంచుకున్నందుకు ధన్యవాదాలు’ అని జవాబొచ్చింది.