ఒంగోల్లో కారు నేర్చుకోవాలంటే: రౌండు సెంటర్ ఎట్టా దాటాలో నేర్పే డ్రైవింగ్ స్కూల్

ముందే చెప్తన్నా, కొంచెం పెద్ద రివ్యూనే ఇది. తొందర్లో ఉన్నోళ్ళకి ఒక్క ముక్క, ఐదుకి ఐదు స్టార్లు, నిశ్చింతగా చేరొచ్చు. టైం ఉన్నోళ్ళు మాత్రం మొత్తం చదవండి. క్లచ్చు, గేర్లు అందరూ నేర్పుతారు, కానీ మధ్యలో బొమ్మ (విగ్రహం) ఉన్న రౌండు సెంటర్లో ఏ లైన్లో పోవాల, ఎవరికి దారియ్యాల, ఇండికేటర్ ఎప్పుడెయ్యాల అనేది వీళ్ళు నేర్పినట్టు నేర్పే స్కూల్ నేనైతే ఇంకోటి చూళ్ళేదు, ఆ స్టార్లన్నీ దానికే.

మా ఇంట్లో అంతకుముందు మా ఆడపడుచు, మా తమ్ముడు వేరే వేరే చోట్ల నేర్చుకున్నారు. ఇద్దరికీ ఒకటే కథ, ఖాళీ రోడ్డు మీద ముందుకి వెనక్కి, టెస్టుకి తోలాల్సిన హెచ్ ఆకారం ట్రాక్ నాలుగు రోజులు, టెస్టు, లైసెన్సు, అయిపోయింది. సెంటర్ వచ్చిందంటే పక్క సీట్లో ఉన్నాయనే స్టీరింగ్ పట్టుకోని తిప్పేసేవాడంట. మరి లైసెన్స్ చేతికొచ్చినాక ఎవరు తిప్పుతారు? మా ఆడపడుచు ఇప్పటికీ బజారుకి కారు తియ్యాలంటే సెంటర్లు లేని సందులు వెతుక్కుంటా పోద్ది. ఆమె తప్పేం లేదు, ఆమెకి ఎవరూ చెప్పలా అంతే.

ఇక్కడ మా బ్యాచ్‌కి మాస్టారు సెంటర్ క్లాస్ మొదలుపెట్టింది కార్లో కాదు, షెడ్డులో. సిమెంట్ నేల మీద చాక్‌పీసుతో పెద్ద రౌండు గీశాడు, దానికి నాలుగు దార్లు, ఒక్కో దారిలో బండ్లు పొయ్యే రెండు లైన్లు, రౌండులోకి పోయే చోట చుక్కల గీత. "మేడమ్, మీరే కారు, నడవండి" అన్నాడు. నేను ఒక దారిలోంచి, ఇంకో అబ్బాయి నా కుడిపక్క దారిలోంచి, రిటైరైన ఒక పెద్దాయన ఎదురుగా. ముగ్గురం నడవంగానే గుద్దుకునే పరిస్థితి వచ్చింది, అప్పుడు ఆపి అడిగాడు, "ఇప్పుడు ఎవరు ఆగాల?" అని. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పాం. పెద్ద బండి ముందు పోవాలని ఒకరు, నేరుగా పొయ్యేవాడికే దారి అని ఒకరు.

మాస్టారు చెప్పింది ఇది. మనం ఎడమ పక్కన తోలతాం కాబట్టి మన దేశంలో రౌండు గడియారం ముల్లు తిరిగినట్టే తిరగాల, బొమ్మ ఎప్పుడూ డ్రైవర్ కుడిచేతి వైపే ఉండాల. అప్పటికే రౌండులో తిరిగే బండి మన కుడి వైపు నుంచే వస్తది, దానికే మొదటి హక్కు, లోపలికి పొయ్యేవాడు గీత దగ్గర ఆగి చూసి పోవాల. ఇది ఆయన సొంత రూలు కాదండీ, 2017లో వచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ రెగ్యులేషన్స్‌లోనే ఉంది, రౌండులో ఉన్న బండికే ముందు దారి అని. ఎందుకట్టా పెట్టారో కూడా ఆ చాక్‌పీసు రౌండులోనే చూపించాడు. బయట నుంచి వచ్చేవాళ్ళకి హక్కిస్తే లోపలున్నోడు ఆగాల, వాడు ఆగితే వాడి వెనకున్నోడు ఆగాల, రౌండు మొత్తం నిండిపోయి ఎవడూ బయటికి రాలేడు, నాలుగు రోడ్లూ బిగుసుకుపోతాయి. లోపలున్నోడికి హక్కిస్తే రౌండు ఎప్పటికప్పుడు ఖాళీ అవతా ఉంటది. ఇంగ్లాండులో ఈ పద్ధతిని 1966లో రూలుగా పెట్టుకున్నారు, వాళ్ళకీ అంతకుముందు రౌండ్లు ఇట్టానే బిగుసుకుపొయ్యేవి. సాయంత్రం ఆరున్నరకి మన సెంటర్లలో ఏం జరగతందో తెలిసినోళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

అసలు రౌండెందుకు కట్టారని ఆ కుర్రాడు అడిగాడు, సిగ్నల్ పెడితే పోద్ది గదా అని. నాలుగు రోడ్ల మామూలు కూడలిలో బండీ బండీ తగిలే అవకాశం ఉన్న చోట్లు 32 ఉంటాయంట, ఒక లైన్ రౌండులో 8 మాత్రమే. పైగా ఎదురెదురుగా గుద్దుకోడం, డోర్ మీదకి నేరుగా వచ్చి గుద్దడం ఉండవు, తగిలినా పక్క నుంచి రాసుకుంటా తగులుద్ది, స్పీడు కూడా తక్కువుంటది. కానీ ఈ లెక్కంతా అందరూ చుట్టూ తిరిగినప్పుడే. రైట్‌కి పోవాలని బొమ్మకి ఇవతల నుంచే అడ్డంగా కోసుకోని పొయ్యేవాళ్ళుంటే మళ్ళీ ఎదురుబొదురు గుద్దుకోడమే. నాకు ఒళ్ళు మండేది ఆ పని చూస్తేనే, అందులోనూ వెనకాల పిల్లల్ని కూర్చోబెట్టుకోని చేస్తారు.

ఇక లైను సంగతి. ఇది నాకు బాగా పనికొచ్చిన పాఠం, అందుకే వివరంగా రాస్తన్నా. మాస్టారు కార్లో ఎక్కినాక సెంటర్ ఇంకా చాలా దూరం ఉండంగానే అడిగేవాడు, "ఎటు పోవాలమ్మా? ఇప్పుడే చెప్పండి, బొమ్మ దగ్గరకొచ్చి ఆలోచించమాకండి" అని. నోటితో చెప్పించేవాడు, "మూడో దారి, కుడి లైను, కుడి ఇండికేటర్" అని పైకి చెప్తేగానీ ఊరుకోడు. మొదటి దారిలో ఎడమకి తిరగాలంటే ఎడమ లైను, ఎడమ ఇండికేటర్, బయటికి వచ్చేదాకా ఆ లైను వదలకూడదు. నేరుగా పోవాలంటే మామూలుగా ఎడమ లైనే, రోడ్డు మీద బాణాలు గీసి వేరేగా చూపిస్తే ఆ బాణాల ప్రకారం. లోపలికి పొయ్యేటప్పుడు ఏ ఇండికేటరూ అక్కర్లేదు, మన దారికి ముందు దారి దాటంగానే ఎడమ ఇండికేటర్. కుడికి తిరగాలన్నా, వచ్చిన దారినే వెనక్కి తిరగాలన్నా కుడి లైనులోకి ముందే చేరుకోవాల, కుడి ఇండికేటర్ వేసి బొమ్మ పక్కనే తిరగాల, మనం దిగే దారికి ముందు దారి దాటినాక ఎడమ ఇండికేటర్ వేసి, ఎడమ అద్దం చూసి, తల తిప్పి ఎడమ భుజం మీదుగా కూడా ఒకసారి చూసి అప్పుడు బయటికి రావాల. ఆ తల తిప్పడం ముఖ్యం అండీ, మన ఊర్లో ఎడమ పక్క ఖాళీ రెండడుగులున్నా బైకు దూరుద్ది, అద్దంలో అది కనపడదు. ఇదంతా సెకండ్ గేర్లో, ఇరవై దాటకుండా.

దారి తప్పిపోతే ఏం చెయ్యాల? ఏం లేదు, ఇంకో చుట్టు తిరిగి రావడమే. సడన్ బ్రేకు కొట్టమాకండి, రివర్స్ అసలు వద్దు.

నాలుగు లైట్లు మిణుకు మిణుకుమంటా నేరుగా పొయ్యే అలవాటు గురించి కూడా ఇక్కడే మొదటిసారి గట్టిగా చెప్పారు. మన దగ్గర చాలామంది సెంటర్లో స్ట్రెయిట్‌గా పోతన్నామని హజార్డ్ లైట్లు వేస్తారు. పక్క రోడ్డులో ఆగినోడికి బండికి ఒక పక్కే కనపడద్ది, వాడికి అది ఎడమ ఇండికేటర్ లాగానో కుడి ఇండికేటర్ లాగానో అనిపించి, ఈ కారు తిరగతంది గదా అని ముందుకొచ్చేస్తాడు. ఆ లైట్లు బండి చెడిపోయి రోడ్డు మీద ఆగినప్పుడు వెయ్యాల్సినవి. మా ఆయన పదేళ్ళ నుంచి కారు తోలతన్నాడు, ఇది విని ఆ రోజు నుంచే మానేశాడు.

ఇంకోటి, ఇది ఏ పుస్తకంలోనూ చూళ్ళేదు నేను. కారు అద్దానికీ కుడి డోరుకీ మధ్యలో స్తంభం ఉంటది గదా, ముందు అద్దాన్ని పట్టుకోనుండేది. రౌండులోకి పోబోతా కుడి పక్కకి చూసినప్పుడు బండ్లు వచ్చేది సరిగ్గా ఆ స్తంభం వెనక నుంచే. డ్రైవర్ సీటు కుడి పక్కే కాబట్టి అది కంటికి దగ్గరగా ఉండి ఇంకా ఎక్కువ కప్పేస్తది. మాస్టారు కారు ఆపి, షెడ్డు బయట తన బైకు స్టాండేసి, నన్ను సీట్లో కూర్చోబెట్టి బైకు ఎక్కడుందో చెప్పమన్నాడు. మొత్తం బైకు కనపడలా! తల కాస్త ముందుకి వంచంగానే హెల్మెట్ పెట్టిన అద్దం, హ్యాండిలు కనపడ్డాయి, వెనక్కి వాలంగానే వెనక చక్రం కనపడింది. అప్పటి నుంచి గీత దగ్గర ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి వంగి చూడటం నాకు చేతికొచ్చేసింది. స్కూటీ మీద పొయ్యేవాళ్ళు కూడా ఇది తెలుసుకోవాల, కారాయన మనల్ని చూసే ఉంటాడని నమ్మబాకండి, ఆయన మొహం మన వైపు తిరిగున్నా సరే.

ఒంగోలోళ్ళకి ప్రత్యేకంగా కావాల్సింది లారీల పాఠం. చీమకుర్తి నుంచి గ్రానైట్ దిమ్మెలు వేసుకోని కర్నూలు రోడ్డు మీద వచ్చే లారీలు, ట్రైలర్లు మనందరికీ తెలిసినవే, బ్లాక్ గెలాక్సీ రాయి వేరే దేశాలకి పోద్ది, పొయ్యేది మాత్రం మన రోడ్ల మీదుగానే. ఆ బండి తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు, లోపలికి కోసుకుంటా వస్తాయి. రౌండులోకి ఎక్కేటప్పుడు ఎడమకి తిరుగుద్ది కాబట్టి వెనక చక్రాలు ఎడమ గట్టు మీదకి వస్తాయి, అక్కడ దూరిన బైకు నలిగిపోద్ది. రౌండులో తిరిగేటప్పుడు వెనక చక్రాలు బొమ్మ వైపు జరుగుతాయి, అక్కడ మన కారుంటే డోర్ మీదకే వస్తాయి. అందుకని పొడుగు బండి రెండు లైన్లు పట్టుకోని తిరగతంటే అది పొగరు అనుకోబాకండి, దానికి అంత చోటు కావాల. దాని పక్కన మాత్రం పోకూడదు, వెనకే ఉండి, లారీ అద్దాలు రెండూ మనకి కనపడేంత దూరంలో ఆగాల. మాస్టారు ఇది చెప్పేటప్పుడు గొంతు పెంచి చెప్పాడు, మామూలుగా ఎవరి మీదా గొంతు పెంచని మనిషి.

ఆటోల గురించి ఒక మాట. సెంటర్ దాటంగానే జనం ఎక్కడానికి నిలబడే చోటే షేర్ ఆటోలు ఆపతారు, అంటే మనం రౌండులోంచి బయటికొచ్చే మూతిలోనే. బయటికి తిరిగే ముందు ఆ దారిలో ఏం ఆగుందో చూసుకోని, నడిచేవాళ్ళు దాటతంటే ఆగి, అప్పుడు పోవాల. అంబులెన్స్ సైరన్ వినపడితే రౌండు మధ్యలో ఆగిపోకుండా బయటికి వచ్చి ఎడమ పక్కకి తీసి ఆపాల.

స్కూల్ సంగతులకొస్తే, కేంద్ర మోటారు వాహనాల రూల్స్ 1989 ప్రకారం కారు కోర్సు 21 రోజులకి తగ్గకూడదు, అందులో బండి తోలే టైం 10 గంటలకి తగ్గకూడదు. వీళ్ళు రిజిస్టర్లో రోజూ ఎంతసేపు తోలామో రాసి మన చేత సంతకం పెట్టిస్తారు. కారుకి మాస్టారి వైపు కూడా బ్రేకు, క్లచ్చు ఉన్నాయి, అది లేని కార్లో ఎవరూ నేర్చుకోబాకండి. ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేటప్పుడు ఇచ్చే లెర్నర్ లైసెన్స్) వచ్చినాక 30 రోజులు ఆగి లైసెన్స్ టెస్టుకి పోవాల, ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు పనిచేస్తది, ఆ స్లాట్లవీ వీళ్ళే చూసుకుంటారు. ఫీజు మిగతా స్కూళ్ళ కంటే కొంచెం ఎక్కువే, కానీ బోర్డు మీద రాసినంతే తీసుకున్నారు, మధ్యలో పెట్రోల్ కని, టెస్టు రోజు బండికని అదనంగా అడగలా.

బాలేనివి కూడా చెప్పాల గదా. కారు పాతది, క్లచ్ గట్టిది, ఏసీ పనిచెయ్యదు, ఏప్రిల్, మే నెలల్లో పదకొండు గంటల బ్యాచ్ అంటే ఒంగోలు ఎండకి తట్టుకోలేరు. ఆదివారం బ్యాచ్‌లో ఒక్క కారుకి ఎక్కువ మందిని వేస్తన్నారు, మన వంతు వచ్చేసరికి ఎండెక్కుద్ది. ఆడవాళ్ళకి లేడీ ట్రైనర్ కావాలంటే ప్రస్తుతానికి లేరు, కానీ మాస్టారు చాలా మర్యాదస్తుడు, ఇంట్లోవాళ్ళు ఎవరైనా వెనక సీట్లో కూర్చుంటామన్నా సరేనంటాడు, మా అత్తమ్మ రెండు రోజులు వచ్చి కూర్చుంది.

చేరేవాళ్ళు పొద్దున ఆరు గంటల బ్యాచ్ అడగండి, రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు లైన్లు అలవాటవుతాయి. చివరి వారంలో సాయంత్రం సెంటర్ క్లాసులు పెడతారు, ఫుల్ ట్రాఫిక్‌లో, వానాకాలమైతే వానలో కూడా, దానికి వేరే ఫీజు లేదు గానీ మనం అడిగితేనే పేరు రాస్తారు. డబ్బులు కట్టేరోజే అడిగి రాయించుకోండి, అక్టోబర్, నవంబర్ వానల్లో రోడ్డు మీద గీతలూ బాణాలూ నీళ్ళలో కనపడనప్పుడు ఏ లైన్లో ఉన్నామో ఎట్టా తెలుసుకోవాలో ఆ క్లాసులోనే చెప్తారు.