వాల్వు ఆంప్లిఫయర్ కిట్టు కొనేవారికి హెచ్చరిక: ముందు స్టిక్కరు గీకి చూడండి

తొలిసారి వాల్వు ఆంప్లిఫయర్ (ట్రాన్సిస్టర్లకు బదులు గాజు వాల్వులతో పనిచేసేది) అసెంబుల్ చేసుకుందామని కిట్టు కోసం వెతుకుతున్నవారు డబ్బు పంపేముందు దయచేసి ఇది చదవండి. అమ్మకందారు పేరు నేను రాయడం లేదు. ఈఎల్84 అనే అవుట్‌పుట్ వాల్వు కిట్టును "చేత్తో చుట్టిన అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లతో" అంటూ అమ్మేది ఎవరో ఈ సరదా ఉన్నవారిలో చాలామందికి తెలుసు, తెలియనివారికి ఆ మాటే ఆనవాలు.

జరిగింది క్లుప్తంగా చెబుతాను. ఛానెల్‌కు ఒక ఈఎల్84, రెండు ఛానెళ్లకూ కలిపి దానికి ముందుండే చిన్న వాల్వు ఈసీసీ83 ఒకటి, 250-0-250 వోల్టుల మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్, వాల్వును స్పీకరుకు జతచేసే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లు రెండు, మిగిలిన చిల్లర సామాను, అన్నీ కలిపి 18,500 రూపాయలు. అందులో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లకే ఒక్కోదానికి 3,200 చొప్పున లెక్క కట్టారు. డబ్బు చేరేవరకు ఫోనులో "అన్నా" తప్ప మరో పిలుపు లేదు. "కొత్తవాళ్ల కోసమే చేశానన్నా, కళ్లు మూసుకుని పెట్టేయొచ్చు" అన్నారు. ఆ మాట మాత్రం నిజమే, కళ్లు మూసుకున్నవాడే దాన్ని కొనాలి.

అంతా బిగించి స్విచ్ వేస్తే వాల్వులు ఎర్రగా వెలిగాయి, పాట కూడా వచ్చింది. కచేరీ పెడితే గాత్రం వినిపించింది, వయొలిన్ వినిపించింది, మృదంగం మాత్రం రేకు డబ్బా మీద వేళ్లతో కొట్టినట్టుంది. కొత్తగా నేర్చుకునేవాడికి అనుమానం ముందు తన చేతి మీదే కలుగుతుంది కాబట్టి అతుకులన్నీ ఊడదీసి మళ్లీ సోల్డరింగ్ చేశాను, గ్రౌండు తీగలు మార్చాను, ఈఎల్84ల కాథోడ్ రెసిస్టర్ల మీద కొలిస్తే 7 వోల్టులకు కాస్త పైన సరిగ్గానే ఉన్నా నమ్మకం కుదరక ఆ రెసిస్టర్లు కూడా మార్చాను. ఫోను చేస్తే "వాల్వులు కొత్తవి కదా, కొన్నాళ్లు మోగితే బాస్ అదే తెరుచుకుంటుంది" అని చెప్పారు. నేను దాన్నీ నమ్మాను, ఏమనుకోకండి.

చివరికి మా పేటలో పాత వాల్వు రేడియోలు బాగుచేసే పెద్దాయన దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన నా సోల్డరింగ్ వైపు చూడనే లేదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఎలిమినేటర్లో వేసేది బాబూ" అన్నారు, అంటే బ్యాటరీ బదులు వాడే పెట్టెలోని మామూలు మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ అని. తీగలు విప్పి, సిరీస్ బల్బు ద్వారా ప్రైమరీకి (వాల్వు వైపు చుట్టుకు) మెయిన్స్ ఇచ్చి చూస్తే సెకండరీలో (స్పీకరు వైపు చుట్టులో) 13 వోల్టులు దాటి వచ్చింది. 5,000 ఓమ్‌లను 8 ఓమ్‌ల స్పీకరుకు జతచేసే ట్రాన్స్‌ఫార్మర్‌లో చుట్ల నిష్పత్తి 25కు 1 ఉండాలి, అంటే అక్కడ 9 వోల్టుల పైచిలుకు మాత్రమే రావాలి. ఈ లెక్కన నా ఈఎల్84లకు కనిపిస్తున్న లోడు 5,000 కాదు, రెండున్నర వేల ఓమ్‌లకు అటూ ఇటూ.

అది సగం మోసం. మిగతా సగం పైరేకు విప్పాక బయటపడింది. ఇలా ఛానెల్‌కు ఒకే అవుట్‌పుట్ వాల్వు ఉండే సింగిల్ ఎండెడ్ సర్క్యూట్‌లో ఈఎల్84 కరెంటు, దాదాపు 50 మిల్లీ ఆంపియర్ల డీసీ, ఎప్పుడూ ప్రైమరీ గుండానే పారుతూ ఉంటుంది కనుక ఇనుప కోరు సంతృప్తం కాకుండా ఇంగ్లిషు 'E' ఆకారపు స్టాంపింగులన్నీ (కోరు రేకులు) ఒకవైపు, 'I' ఆకారపువన్నీ మరోవైపు పేర్చి, మధ్యలో పలుచటి కాగితంతో సందు వదలాలి. నా దానిలో స్టాంపింగులు ఒకటి అటు, ఒకటి ఇటుగా సందు లేకుండా బిగించి ఉన్నాయి. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్‌కు అది సరైన పద్ధతే, ఇక్కడ మాత్రం బాస్‌ను మింగేసేది అదే. ఆ తర్వాత పెద్దాయన బంగారు రంగు స్టిక్కరు మూలను బ్లేడుతో లేపారు. పైన "అవుట్‌పుట్ 5కె – 8 ఓమ్స్" అని అందంగా అచ్చువేసి ఉంది. కింద తెల్ల కాగితం మీద నీలం సిరా ముద్ర: 230 వోల్టులు, 12 వోల్టులు, 2 ఆంపియర్లు. హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలో అలాంటిది నాలుగైదు వందలకు వస్తుంది.

అప్పటికీ నేను కిట్టు అమ్మినాయన్ని దొంగ అనుకోలేదు, సరఫరా చేసినవాడెవడో ఆయన్నీ మోసం చేసి ఉంటాడనుకుని, పాపం ఆయనకు చెప్పి పుణ్యం కట్టుకుందామని వెళ్లాను. కొట్లో మరో ఇద్దరు కొనుగోలుదారులున్నారు. స్టిక్కరు సగం లేచిన ట్రాన్స్‌ఫార్మర్‌ను బల్ల మీద పెట్టి, గొంతు పెంచకుండానే విషయం చెప్పాను. ఆయన దానివైపు చూడకుండా ఆ ఇద్దరివైపు తిరిగి నవ్వుతూ, "ఆడలేక మద్దెల ఓడన్నారట, సోల్డరింగ్ రానివాళ్లందరికీ నా ట్రాన్స్‌ఫార్మరే దొరుకుతుంది" అన్నారు. అయ్యా, తమరు అమ్మిన మద్దెలకు అసలు తోలే లేదు కదా అనాలని ఇంటికి వచ్చాక తట్టింది. అక్కడ మాత్రం నోరు పెగల్లేదు, ఎందుకంటే అదే సమయంలో ఆయన వెనక స్టూలు మీద కూర్చున్న కుర్రాడు ఒక అట్టపెట్టెలోంచి ట్రాన్స్‌ఫార్మర్ తీయడం, తెల్ల కాగితం మీద బంగారు స్టిక్కరు అంటించడం, బొటనవేలితో నాలుగు మూలలూ నొక్కి పక్కన పేర్చడం నా కంటపడింది. నేను చూస్తున్నానని ఆయనా గమనించారు. ఆపమని కుర్రాడికి చెప్పలేదు సరికదా, పెట్టెను పక్కకు జరపనైనా లేదు. "ఇంకేమైనా కావాలా నీకు?" అని మాత్రం అడిగారు. డబ్బు పంపేదాకా అన్నను, ఇప్పుడు నువ్వు.

డబ్బు పోయినందుకు కంటే ఆ తాపీతనానికే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. పైగా ఇది శబ్దం బాగుందా లేదా అన్నంతటితో పోయే విషయం కాదు. ఈఎల్84 ఆనోడు దగ్గర వోల్టేజీ పాట ఊపులో సరఫరా వోల్టేజీకి దాదాపు రెట్టింపు వరకు లేస్తుంది. 230 వోల్టుల కోసం చవకగా చుట్టిన బాబిన్ (తీగ చుట్టే కండె) దాన్ని ఎంతకాలం ఓర్చుకుంటుంది? ఇన్సులేషన్ పోతే హెచ్‌టీ, అంటే వాల్వులకిచ్చే ఎక్కువ వోల్టేజీ, నేరుగా స్పీకరు తీగలోకి వస్తుంది. సెకండరీ ఒక కొసను ఛాసిస్ గ్రౌండుకు కలపాలన్న ముక్క కూడా కిట్టుతో ఇచ్చిన బొమ్మలో లేదు. ఇది "కొత్తవాళ్ల కోసమే" చేసిన కిట్టు!

వాల్వుల గురించి ఎక్కువ రాయను. బెంగళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) తయారీ, వాడని పాత నిల్వ అని ఇచ్చినవాటిలో ఒకదాని పిన్నులు సాకెట్ గీతలతో నిండి ఉన్నాయి. ఇంకొకదాని తల మీద వెండిలా మెరవాల్సిన గెట్టర్ పూత (లోపల మిగిలిన గాలిని పీల్చేది) పాలలా తెల్లబడి ఉంది, అంటే లోపలికి గాలి వెళ్లిందని అర్థం. దాని మీద బీఈఎల్ అక్షరాలు మాత్రం నిన్న వేసినంత తాజాగా ఉన్నాయి.

బిల్లులో "ఎలక్ట్రానిక్ సామాను" అని తప్ప ఏమీ లేదు, కాబట్టి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పేరుతో అమ్మారనడానికి నా దగ్గరున్నది ఆయన పంపిన మెసేజీలే. వాటిని, స్టిక్కరు ఫోటోలను పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయించాను. అదే కిట్టు కొన్నవారు మీ మెసేజీలు చెరిపేయకండి.

కొనక తప్పదనుకుంటే ప్రైమరీ ఇంపిడెన్సు (ఇక్కడ 5,000 ఓమ్‌లు), కోరులో సందు ఉన్న విషయం బిల్లు మీద రాయించుకోండి. సరుకు చేతికి రాగానే, సర్క్యూట్‌కు కలపకముందే, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 12 వోల్టుల ఏసీ తీసుకుని ప్రైమరీకి ఇచ్చి చూడండి. 5కె – 8 ఓమ్స్ అయితే సెకండరీలో అర వోల్టుకు కాస్త తక్కువ రావాలి, 0.7 దగ్గర చూపిస్తే మీకూ నా సరుకే వచ్చినట్టు. ఇప్పటికే బిగించినవారు స్టిక్కరు గీకాలన్న తొందరలో ఛాసిస్‌లో చెయ్యి పెట్టకండి. ప్లగ్గు తీశాక కూడా ఫిల్టర్ కెపాసిటర్ల మీద మీటరు పెట్టి వోల్టేజీ పూర్తిగా దిగిందో లేదో చూసుకోండి. వాల్వులు లేకుండా ఒకసారి ఆన్ చేసి ఆపితే అక్కడ 350 వోల్టులు అలాగే నిలిచి ఉంటాయి, వాటిని దించే బ్లీడర్ రెసిస్టరు ఆ కిట్టులో ఇవ్వనే లేదు.