క్లామత్ నది: ఆగస్టులో మనుషులు, అక్టోబరులో చేపలు

బే ఏరియా నుంచి రెడ్‌వుడ్ చెట్ల కోసం హైవే 101 మీద ఉత్తరానికి వెళ్ళేవాళ్ళు క్లామత్ వంతెన దగ్గర బంగారు రంగు ఎలుగుబంటి బొమ్మల్ని చూసి ముందుకు పోతారు. కింద పారే నదిని పట్టించుకునేవాళ్ళు తక్కువ. చూడాల్సింది మాత్రం ఆ నదినే. దాని మీది నాలుగు జలవిద్యుత్ డ్యాముల్ని 2023-24లో కూల్చేశారు. సాల్మన్ చేపలకు 400 మైళ్ళకు పైగా నీటి దారి మళ్ళీ తెరుచుకుంది. అందుకోసం రెండు దశాబ్దాలు పోరాడింది యురోక్, కరుక్, హూపా, క్లామత్ తెగల ఆదివాసులు.

ట్రిప్ వేసుకునే ముందు ఒకటి తేల్చుకోండి. మనుషుల్ని కలవాలంటే ఆగస్టులో నది సముద్రంలో కలిసే మొగకు వెళ్ళాలి, చేపల్ని చూడాలంటే అక్టోబరులో ఎగువకు. రెండూ ఒక్క ట్రిప్‌లో కుదరవు.

మొగ దగ్గర బసకు ప్రధానంగా రెండు చోట్లు. క్లామత్ ఊళ్ళో యురోక్ తెగ నడిపే రెడ్‌వుడ్ హోటల్ కేసినో 101 పక్కనే ఉంటుంది, రాత్రి పొద్దుపోయి చేరేవాళ్ళకు అదే సుఖం. నది ఒడ్డునే నిద్ర లేవాలంటే 1914లో కట్టిన రెక్వా ఇన్. గదులు కొద్దే కాబట్టి వేసవికి ముందే పట్టుకోవాలి. పిల్లలతో వెళ్తూ సొంత వంట కావాలనుకుంటే, 20 మైళ్ళ దూరంలోని క్రెసెంట్ సిటీలో కిచెన్ ఉన్న గది చూసుకోవడం మేలు. సరుకులు కూడా అక్కడే. మొదటి రోజుకు పులిహోర కట్టుకెళ్ళండి.

డబ్బు పెట్టదగ్గది యురోక్ తెగ వేసవిలో నడిపే దోనె ప్రయాణం. ఒకే రెడ్‌వుడ్ దుంగను తొలిచి చేసిన దోనె అది. ఎక్కగానే తెడ్డు వైపు కాదు, లోపలికి చూడండి: గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, ముక్కు చెక్కలోనే చెక్కి ఉంటాయి. యురోక్ వాళ్ళకు దోనె ప్రాణమున్నది. మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తుంది కనుక ఉదయం ట్రిప్పే తీసుకోండి. ఆగస్టులోనూ స్వెటర్ కావాలి.

ఆగస్టులోనే యురోక్‌ల సాల్మన్ పండగ. పేరు చూసి పళ్ళెంలో సాల్మన్ ఖాయమనుకోవద్దు. చేపలు మరీ తగ్గిపోయి 2023లో క్లామత్ సాల్మన్ లేకుండానే జరిపారు.

రెక్వా కొండ మీది వ్యూపాయింట్ నుంచి మొగ మొత్తం కనిపిస్తుంది. 2002 సెప్టెంబరులో ఈ దిగువ నదిలోనే కనీసం 34,000 చేపలు చచ్చి తేలాయి. నీళ్ళు తగ్గి, వేడెక్కి, ఇరుకున పడ్డ చేపలకు మొప్పల జబ్బులు అంటుకున్నాయి. మరుసటి ఏడాది హూపా హైస్కూల్ పిల్లలు మొగ నుంచి ఎగువకు, చేప దారినే, రిలే పరుగు మొదలుపెట్టారు. 2025లో ఆదివాసీ టీనేజర్లు ఎగువ నుంచి కయాక్‌లలో 310 మైళ్ళు, 30 రోజులు తెడ్డేసి జూలై 11న ఈ మొగకే చేరారు. ఇంకా మిగిలిన లింక్ రివర్, కీనో డ్యాముల దగ్గర మాత్రం కయాక్‌లు మోసుకుని గట్టు మీదుగా నడవాల్సి వచ్చింది.

ఎగువకు వెళ్ళేవాళ్ళు మ్యాప్ చూసి మోసపోయేది హైవే 169 దగ్గర. క్లామత్ నుంచి వీచ్‌పెక్‌కు నది వెంట నేరుగా వెళ్ళొచ్చనిపిస్తుంది. కానీ ఆ రోడ్డు రెండు ముక్కలు, మధ్యలో దారి లేదు. వేసవిలో చేపలు ఒళ్ళు చల్లబరచుకునే బ్లూ క్రీక్ ఆ ఖాళీలోనే కలుస్తుంది. అసలు దారి ఆర్కాటా మీదుగా విల్లో క్రీక్, అక్కడి నుంచి హూపా మీదుగా హైవే 96. వంపులే వంపులు, చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. విల్లో క్రీక్‌లోనే ట్యాంకు నింపుకోండి. దారిలో హ్యాపీ క్యాంప్‌లో కరుక్ తెగ మ్యూజియం ఉంది, తెరిచే వేళలు ముందే కనుక్కోండి. ఇంకో తిరకాసు: తీరంలోని యురేకా వేరు, ఎగువ బసకు కావలసిన వైరీకా వేరు. గది బుక్ చేసేటప్పుడు స్పెల్లింగ్ చూసుకోండి.

వైరీకాలో హైవే 5 పక్కన మామూలు మోటెళ్ళు దొరుకుతాయి, అంతకుమించి ఆశించొద్దు. అక్కడి నుంచి హార్న్‌బ్రూక్, ఆపై కాప్కో రోడ్డు. 173 అడుగుల ఐరన్ గేట్ డ్యాము ఉన్న చోట ఇప్పుడు నది ఒక్కటే ఉంది. స్మారకం లాంటిదేదో ఉంటుందని వచ్చినవాళ్ళకు నిరాశే. జలాశయం పోయిన వాలుల మీది గడ్డి ఊరికే మొలవలేదు. యురోక్ బృందాలు చేత్తో ఏరిన స్థానిక విత్తనాల పంట అది.

చేపలకు జెన్నీ క్రీక్ లాంటి ఉపనదులు చూడండి. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు, పోలరైజ్డ్ కళ్ళద్దాలతో. మోకాలి లోతు నీళ్ళలో గులకరాళ్ళు ఒకచోట తోమినట్టు లేతగా కనిపిస్తే అది గూడు. చినూక్ అంటే ఇక్కడి సాల్మన్‌లో ఒక రకం. ఆడ చినూక్ పక్కకు ఒరిగి తోకతో రాళ్ళను కొట్టి గుంట చేస్తుంది, అందుకే తోక అంచు అరిగి తెల్లబడి ఉంటుంది. మన గోదావరి పులస గుడ్లు పెట్టి సముద్రానికి తిరిగి పోగలదు, చినూక్ మాత్రం అక్కడే చచ్చిపోతుంది. ఒడ్డున కళేబరాలు, వాసన ఉంటాయి, పిల్లలకు ముందే చెప్పండి. ఫొటో కోసం నీళ్ళలోకి దిగొద్దు. ఒక్క అడుగు గూటి మీద పడితే రాళ్ళ కింది గుడ్లు నలిగిపోతాయి.