స్కిన్ చెక్‌కి వెళ్తే సాక్స్ కూడా విప్పండి: బ్రిస్బేన్‌లో తొమ్మిదేళ్ల అనుభవం

నా ఎడమ అరికాల్లో పుట్టుమచ్చ ఉండేది. అరికాల్లో మచ్చ ఉన్నవాళ్లు దూరదేశాలు తిరుగుతారని మా అమ్మమ్మ అనేది. 2015లో బ్రిస్బేన్ వచ్చినప్పుడు ఆ మాట గుర్తొచ్చి సంబరపడ్డాను.

ఇక్కడి ఎండ తీరు వేరు, ఇక్కడివాళ్ల చర్మం వేరు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ప్రపంచంలో బాగా ఎక్కువగా కనిపించే దేశాల్లో ఆస్ట్రేలియా ఒకటి. ఆఫీసులో పక్క సీటావిడ వీపు మీద మచ్చ తీయించుకుని వచ్చి, నన్నూ స్కిన్ చెక్‌కి, అంటే ఒంటి మీద మచ్చలు డాక్టర్ చూసే పరీక్షకి, వెళ్లమంది. రొమ్ము క్యాన్సర్, పేగు క్యాన్సర్ పరీక్షలకు ప్రభుత్వమే పిలుస్తుంది కానీ దీనికి పిలుపు రాదు. మనమే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి.

మొదటి రెండేళ్లు వెళ్లిన క్లినిక్ గురించి నాకు ఇప్పటికీ కోపమే. వీపు, చేతులు, మొహం చూసి పది నిమిషాల్లో పంపించేశారు. "మీ రంగుకి రిస్క్ తక్కువ" అన్నారు. ఆ మాట నిజమే. కానీ మనలాంటి చామనఛాయ, నల్లటి చర్మం వాళ్లకు మెలనోమా వస్తే, అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద రావడం ఎక్కువ. ఎండ తగలని ఈ చోట్లను ఎవరూ పట్టించుకోరు కాబట్టి ఆలస్యంగా బయటపడుతుంది. గాయకుడు బాబ్ మార్లేకి కాలి బొటనవేలి గోరు కింద వచ్చింది. 1977లో కనుక్కున్నారు, 1981లో 36 ఏళ్లకే పోయాడు. నా సాక్స్ మాత్రం రెండేళ్లూ ఎవరూ విప్పమనలేదు.

మూడో ఏడాది డాక్టర్‌ని మార్చాను. ఈవిడ సాక్స్ విప్పించింది, నెయిల్ పాలిష్ తుడిపించింది, తలలో పాయలు తీసి మరీ చూసింది. డెర్మటోస్కోప్ అని, లైటున్న భూతద్దం లాంటిది ఉంటుంది. దాంతో నా అరికాలు స్క్రీన్ మీద చూపించింది. దున్నిన పొలంలా చాళ్లు, గట్లు. రంగు చాళ్లలో ఉంటే మామూలుగా భయం లేదట, గట్ల మీద ఉంటే అనుమానించాలట. నాది చాలావరకు చాళ్లలోనే ఉంది, ఒక అంచు దగ్గర తేలలేదు. ఫోటో తీసి మూడు నెలల తర్వాత రమ్మంది.

ఆ మూడు నెలలూ సరిగా నిద్ర లేదు. మళ్లీ చూస్తే అంచు కొంచెం మారింది. కోసి ల్యాబ్‌కి పంపారు. ఎనిమిది రోజుల తర్వాత మామూలు మచ్చేనని రిపోర్టు వచ్చింది. కుట్లు అరికాల్లో కదా, చాలా రోజులు మడమ ఆనించి నడిచాను. గుంటూరు నుంచి అమ్మ ఫోన్‌లో, "మచ్చ తీసేశారుగా, ఇంక ఇంటికి వచ్చేస్తావేమే?" అంది. ఇద్దరం ఏడ్చాం.

ఈ పరీక్షలో లోటు కూడా అదే. చివరికి ఏమీ లేదని తేలే మచ్చ కోసం టెన్షన్, కోత, ఖర్చు. ఏ లక్షణమూ లేనివాళ్లకు చూడటం వల్ల మేలు ఎక్కువో కీడు ఎక్కువో చెప్పడానికి ఆధారాలు చాలవని అమెరికా నిపుణుల సంఘం కూడా 2023లో చెప్పింది. అందుకే హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లిని ఏటా డబ్బు పెట్టి చేయించుకోమని నేను చెప్పను. మచ్చ మారితే మాత్రం ఆగొద్దని చెప్తాను. మెలనోమాలో లెక్కంతా లోతుదే. ఒక మిల్లీమీటరు లోపు ఉండగా దొరికితే చాలామందికి కోసి తీసేయడంతోనే నయమవుతుంది.

గోళ్ల విషయం ఆడవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ఒక ఏడాది ఆషాఢంలో గోరింటాకు పెట్టుకున్న వారానికే వెళ్లాను. గోళ్లూ అరచేతులూ చూడటం కుదరక మళ్లీ రమ్మంది. అప్పటి నుంచి మే నెలలోనే వెళ్తున్నాను. మన రంగువాళ్ల గోళ్లలో నిలువు నల్లచార మామూలుగా ఉండొచ్చు, చాలావరకు ప్రమాదం కాదు. కానీ ఒక్క గోరులోనే కొత్తగా వచ్చి వెడల్పవుతుంటే, లేదా నలుపు పక్క చర్మానికి పాకితే చూపించుకోవాలి.

అమ్మకి షుగర్. పుండ్లు పడ్డాయేమోనని రోజూ రాత్రి పాదాలు చూసుకుంటుంది. ఇప్పుడు కొత్త నలుపు ఏమైనా ఉందా అని కూడా చూస్తోంది. నెలకోసారి రూపాయి బిళ్ల పక్కన పెట్టి అరికాళ్ల ఫోటో తీసి పంపుతుంది, పాతదాని పక్కన పెట్టి నేను పోల్చి చూస్తాను.